తుపాకీకి రసీదు ఉంది, బడికి ఏముంది?

ఎన్నికల ప్రకటన వెలువడగానే మా మునుగోడు నియోజకవర్గంలో చప్పుడు లేకుండా జరిగిపోయే పని ఒకటుంది. లైసెన్సు తుపాకులు ఉన్నవాళ్లు వాటిని తెచ్చి ఠాణాలో జమ చేస్తారు. 2018 డిసెంబరులో చేశారు. 2022 నవంబరు 3న ఉప ఎన్నిక జరిగినప్పుడు చేశారు. ఏడాది తిరిగి 2023 నవంబరు 30 వచ్చేసరికి మళ్లీ చేశారు, 2024 మేలో లోక్‌సభ ఎన్నికకు ఇంకోసారి చేశారు. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, చౌటుప్పల్... ఏ మండలంలోనైనా ఇదే తంతు. జమ చేసిన ప్రతి తుపాకీకి రసీదు ఇవ్వాలని ఎన్నికల సంఘం ఆదేశం. ఫలితాలు వచ్చిన వారం తరువాత ఆ తుపాకీని సొంతదారుకు తిరిగి ఇవ్వడం జిల్లా యంత్రాంగం తప్పనిసరి బాధ్యత అని కూడా అందులో రాసి ఉంది. ఎవరు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో, చేతిలో ఏ కాగితం ఉండాలో అన్నీ స్పష్టం.

ఆ ఠాణాకు కూతవేటు దూరంలో సర్కారు బడి ఉంటుంది. దాని గది పైకప్పు పెచ్చులూడితే ఎన్నాళ్లలో బాగుచేయాలి, ఎవరు చేయాలి, చేయకపోతే ఎవరిని అడగాలి? ఊళ్లో ఎవరి చేతిలోనూ రసీదు లేదు. నా మనసును చాలా కాలంగా తొలుస్తున్న తేడా ఇది. అందుకే తుపాకీ, డ్రైవింగ్ లైసెన్సు, బడి గది అనే మూడింటిని పక్కపక్కన పెట్టి, ఒక్కోదాని వెనుక చట్టం ఎంత గట్టిగా నిలబడిందో చూడాలనుకున్నాను.

ఈ మూడూ ఒక వరుసలో రావడం మనకు వింతగా అనిపించవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు అనిపించదు. మనవాళ్లు వేల సంఖ్యలో స్థిరపడిన కాలిఫోర్నియానే తీసుకుంటే, పోలీసులు తీసుకున్న తుపాకీని సొంతదారు ఎలా తిరిగి పొందాలో చెప్పేది రాష్ట్ర చట్టమే. వలస వచ్చినవాడికి డ్రైవింగ్ లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్ర శాసనసభే తేలుస్తుంది. బడి ఎలా కట్టాలో నిర్ణయించేదీ ఆ రాష్ట్ర చట్టమే. మన రాజ్యాంగం ఈ మూడింటినీ మొదట మూడు చోట్ల పెట్టింది. ఆయుధాలు కేంద్ర జాబితాలో ఉన్నాయి, మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో. విద్య మొదట రాష్ట్రాల జాబితాలో ఉండేది, 42వ సవరణతో ఉమ్మడి జాబితాకు వచ్చింది. అంటే మన శాసనసభకు తుపాకీ మీద చట్టం చేసే అధికారమే లేదు. లైసెన్సు మీద కొంత ఉంది. బడి గది మీద మాత్రం కావలసినంత ఉంది. ఉన్న అధికారాన్ని ఎక్కడ వాడారన్నదే అసలు ప్రశ్న.

మొదట తుపాకీ. నల్లగొండ గడ్డ మీద ఆయుధం దించడం, అప్పగించడం, తిరిగి ఇవ్వడం అన్నవి కాగితం మీది మాటలు కావు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తరువాత రైతాంగం చేతికి తుపాకీ వచ్చింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. చేతిలోని తుపాకీని అప్పుడే దించాలా, ఇంకా పట్టుకోవాలా అన్న చోట కమ్యూనిస్టు పార్టీ నిలువునా రెండుగా ఆలోచించింది. ఇక చాలన్నవాళ్లలో రావి నారాయణరెడ్డి ఒకరు. 1951 అక్టోబరులో పోరాట విరమణ ప్రకటన వచ్చింది. కొన్ని నెలలకే ఆయన నల్లగొండ నుంచి లోక్‌సభకు పోటీ చేసి, దేశంలో అందరికంటే ఎక్కువ ఓట్లతో గెలిచారు.

యాభై ఏళ్ల తరువాత అదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చింది. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ చర్చలు జరిగాయి. ప్రభుత్వం తరఫున కూర్చున్నవారిలో పెద్ద, అప్పటి హోం మంత్రి జానారెడ్డి, నల్లగొండ జిల్లా నాయకుడే. ఎస్‌.ఆర్‌. శంకరన్ లాంటి పెద్దలు మధ్యలో నిలబడి పట్టుబట్టి కూర్చోబెట్టిన చర్చలవి. భూమి పంపిణీ మీద మాట కలిసే అవకాశం కనిపించింది. ఆయుధాలతో ఊళ్లలోకి రావచ్చా, రాకూడదా అన్న దగ్గర పీటముడి పడింది. 2005 జనవరికల్లా అంతా చెదిరిపోయింది. ఆ తరువాత నల్లమల అంచు పల్లెలు చూసిన ఎదురుకాల్పుల గురించి వేరే చెప్పాలా!

ఇది చట్టం బయట తిరిగిన తుపాకీ కథ. చట్టం లోపలి తుపాకీకి 1959 నాటి ఆయుధాల చట్టం ఉంది. లైసెన్సు నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి. రద్దు చేస్తే అప్పీలు చేసుకోవచ్చు. లైసెన్సు గడువు తీరితే తుపాకీని ఎక్కడ జమ చేయాలో కూడా అందులోనే ఉంది. 2019 సవరణ ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండవచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించి, మూడోది అప్పగించడానికి ఏడాది గడువు పెట్టింది. లైసెన్సు కాలాన్ని మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. ఈ చట్టంలో రైతు పేరు మీద కూడా ఒక మాట ఉంది. పంట కాపాడుకోవడానికి నిజంగా అవసరమని తేలితే, మందుగుండు గొట్టం మూతి నుంచి కూరే పాతకాలపు తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని పదమూడో సెక్షన్ చెబుతుంది. అడవి పందులు పల్లీ చేను ఒక్క రాత్రిలో దున్నేస్తుంటే చూస్తూ కూర్చున్న రైతులు మా వైపు ఎంతోమంది. వాళ్లలో ఎందరికి ఆ సెక్షన్ సంగతి తెలుసు? తుపాకీ దగ్గర పెట్టుకునేది ఎక్కువగా ఉన్నవాళ్లే. రసీదులు కూడా వాళ్లవే.

ఇక లైసెన్సు. ఇక్కడ కథ వలసతో మొదలవుతుంది. పాలమూరు లేబరు అన్న మాట దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ వెంట పోయి ఆనకట్టలకు, కాలువలకు, బొంబాయి మేడలకు మట్టి మోసినవాళ్లు వాళ్లు. మర్రిగూడ, దేవరకొండ వైపు నుంచి వలస ఎక్కువగా పట్నానికే. మొదట కూలికి పోతారు, తరువాత ఆటో, ఇంకా నిలదొక్కుకుంటే కారు. పొలం ఎండిన ఇంటికి స్టీరింగే రెండో పొలం.

దానికి అడ్డంగా ఏళ్ల తరబడి ఒక నిబంధన నిలబడింది. రవాణా వాహనం నడపాలంటే ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. బండి ఎంత బాగా నడిపినా సరే, బడి కాగితం లేకపోతే లైసెన్సు లేదు. ఊళ్లో హైస్కూలు లేక ఐదుతో ఆగిపోయినవాడికి, అమ్మానాన్నల వెంట వలసపోయి చదువు మధ్యలో వదిలేసినవాడికి ఇది రెండో దెబ్బ. మొదట బడి ఇవ్వలేదు, తరువాత బడి లేదన్న కారణంతో బతుకుదెరువూ ఇవ్వలేదు. హర్యానా ప్రభుత్వం తమ మేవాత్ ప్రాంతంలో ఇదే కష్టముందని కేంద్రం ముందు పెట్టింది. 2019లో ఆ నిబంధన పోయింది. ఆ మాట మేవాత్ కంటే ముందు పాలమూరు నుంచి, నల్లగొండ నుంచి వెళ్లి ఉండవలసింది. మన ప్రభుత్వాలు ఎందుకు అడగలేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

లైసెన్సు చట్టం ఆ ఒక్కచోటే కాదు, వలస మనిషి వైపు ఇంకా కొన్ని అడుగులు వేసింది. 2019 మోటారు వాహనాల సవరణ తరువాత రాష్ట్రంలో ఏ ఆర్టీఏ కార్యాలయంలోనైనా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నల్లగొండ మనిషి పట్నంలో ఉంటూ లైసెన్సు కోసం పని మానుకుని సొంత జిల్లాకు రానక్కరలేదు. రవాణా లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. గడువు తీరిన తరువాత కూడా ఏడాది లోపు రెన్యూవల్ చేసుకోవచ్చు. అన్నిటికంటే పెద్ద మేలు సుప్రీంకోర్టు నుంచి వచ్చింది. మామూలు కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా బండి నడపవచ్చని 2017లో ముగ్గురు న్యాయమూర్తులు చెప్పారు. బీమా కంపెనీలు ఒప్పుకోలేదు. ప్రమాదం జరిగిన ప్రతిసారీ లైసెన్సు రకం తప్పని వాదించాయి. 2024 నవంబరు 6న ఐదుగురి రాజ్యాంగ ధర్మాసనం పాత తీర్పే సరైనదని ఖాయం చేసింది. ఆటో నడిపే లక్షల మందికి ఇక రాత్రి నిద్ర పట్టే తీర్పు అది.

సముద్రం దాటిన మనవాళ్లకు లైసెన్సు మరో పాఠం నేర్పింది. అమెరికాలో 2005 నాటి రియల్ ఐడీ చట్టం తరువాత, వీసా మీద ఉన్నవాడి లైసెన్సు గడువు వీసా గడువుతో ముడిపడింది. వీసా పొడిగింపు ఆలస్యమైతే ఉద్యోగానికి పోయే కారు కూడా ఇంటి ముందు ఆగిపోతుంది. బస్సులు లేని ఊళ్లలో అది చిన్న కష్టం కాదు. కాలిఫోర్నియా 2013లో చట్టం చేసి 2015 జనవరి నుంచి సరైన వలస పత్రాలు లేనివారికి కూడా లైసెన్సు ఇవ్వడం మొదలుపెట్టింది. పది లక్షలకు పైగా మనుషులు దాన్ని తీసుకున్నారు. న్యూయార్క్ 2019లో ఆ దారి పట్టింది. అక్కడ వాదించినవాళ్లు చెప్పింది సూటిగా ఉంది: మనిషి ఎలాగూ రోడ్డు మీదికి వస్తాడు, పరీక్ష రాసి బీమాతో వస్తే అందరికీ మంచిది. గల్ఫ్‌లో అయితే ఇక్కడ పదేళ్లు లారీ నడిపినవాడు కూడా మళ్లీ అక్షరాభ్యాసం నుంచి మొదలుపెట్టవలసి రావచ్చు.

తుపాకీకీ లైసెన్సుకూ చట్టం ఉంది, గడువు ఉంది, అప్పీలు ఉంది. ఇప్పుడు బడి దగ్గరికి వద్దాం. నిజానికి నేను రాయాలని కూర్చున్నది దీని గురించే.

నిజాం కాలంలో ఇక్కడ ఖానగీ బడి పెట్టాలంటే సర్కారు ఇజాజత్ కావాలి. తెలుగులో చదువు చెప్పే బడి కోసం ఆంధ్ర మహాసభ 1930లో జోగిపేటలో మొదలైనప్పటి నుంచి అడుగుతూనే ఉంది. స్వాతంత్ర్యం తరువాత బడులు వచ్చాయి. అయితే ఏ కాలంలోనూ అవి ఒక చట్టం కింద కట్టినవి కావు, ఏదో ఒక పథకం కింద కట్టినవి. బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గదులు కొన్ని, 1987 నాటి ఆపరేషన్ బ్లాక్‌బోర్డు గదులు కొన్ని, జిల్లా ప్రాథమిక విద్యా కార్యక్రమం (డీపీఈపీ) గదులు కొన్ని, 2000 తరువాత సర్వశిక్షా అభియాన్ గదులు మరికొన్ని. పాత బడి ఆవరణలోకి వెళ్లి నిలబడితే గోడల మీద పథకాల పేర్లు వరసగా చదువుకోవచ్చు. ఒక పథకం గది కట్టి వెళ్లిపోతుంది. కురిసినప్పుడు దాని స్లాబు ఎవరు చూడాలన్నది తరువాతి పథకం వచ్చేదాకా తేలదు.

2009 విద్యాహక్కు చట్టం ఈ తీరు మార్చవలసిన చట్టం. బడి భవనం ఇవ్వడం ప్రభుత్వ విధి అని ఎనిమిదో సెక్షన్ చెప్పింది. ఎలాంటి భవనమో షెడ్యూలులో ఉంది. అన్ని కాలాలకూ తట్టుకునే కట్టడం, ప్రతి ఉపాధ్యాయుడికీ ఒక గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ. గడువు కూడా పెట్టింది. చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది కనుక మూడేళ్ల లెక్కన 2013 మార్చి 31. మధ్యలో, 2012 అక్టోబరులో, ఆరు నెలల్లో అన్ని బడుల్లో తాగునీరు, మరుగుదొడ్లు ఉండాలని సుప్రీంకోర్టు విడిగా ఆదేశించింది. గడువులు దాటిపోయాయి. అదే చట్టంలో ప్రమాణాలు పాటించక గుర్తింపు పోగొట్టుకున్న బడిని నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా, ఆపైన రోజుకు పదివేలు అని ఉంది. సర్కారు బడికి గుర్తింపే అక్కరలేదు కాబట్టి ఆ నిబంధన ఆచరణలో ప్రైవేటు బడి మీదికే పోయింది. తన బడిలో గది లేకపోతే ప్రభుత్వానికి జరిమానా ఏమిటో ఆ చట్టం చెప్పలేదు.

సురక్షితమైన తాగునీరు అన్న రెండు మాటలు మిగతా ఊళ్లలో షెడ్యూలులో ఒక పంక్తి. మర్రిగూడలో అది ఎముక సంగతి. ఈ నేల కింది నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది, ఒకటిన్నర దాటితే తాగవద్దు అన్నది దేశ ప్రమాణం. ఇక్కడి బోరు నీళ్లు దశాబ్దాల పాటు ఆ గీతను పట్టించుకోలేదు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసే పద్ధతిని నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు తయారుచేస్తే, దానికి ప్రపంచమంతా వాడుకలో ఉన్న పేరు నల్లగొండ పద్ధతి. మా జిల్లా పేరు విజ్ఞాన గ్రంథాల్లోకి ఎక్కింది ఇలా. శివన్నగూడేనికి చెందిన ఫ్లోరైడ్ బాధితుడు అంశల స్వామి వంగిపోయిన శరీరంతోనే ఊరూరా, ఢిల్లీ దాకా ఈ మాట వినిపించి 2023 జనవరిలో కన్నుమూశారు.

పన్ను మీద ఫ్లోరైడ్ మచ్చ ఏర్పడేది పళ్లు తయారవుతున్న వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ల లోపు. సరిగ్గా పిల్లవాడు అంగన్‌వాడీ దాటి ప్రాథమిక బడిలో ఉండే వయసు. పగలంతా వాడు తాగేది బడి నీళ్లే. మధ్యాహ్న భోజనం ఉడికేది ఆ నీళ్లతోనే. మిషన్ భగీరథ వచ్చాక కృష్ణా నీళ్లు ఊరికి చేరాయి, అది నిజంగా పెద్ద మేలు. 2015లో ఆ పథకం పైలాన్‌ను చౌటుప్పల్‌లో నిలబెట్టడంలో అర్థం ఉంది. అయితే పైపు ఆగిన రోజున బడి వంటమనిషి ఏ నీళ్లు పోస్తుంది? పక్కనున్న బోరు నీళ్లే కదా. ట్యాంకు కడగడం, నల్లా బిగించడం, నెలకోసారి పరీక్ష చేయించడం ఎవరి పని? ఇది బడి కట్టడంలో భాగం. మా దగ్గర బడి కట్టడమంటే గోడల కంటే ముందు నీళ్ల పైపు.

ఇప్పటి పథకాల సంగతి. 2022 మార్చి 8న వనపర్తిలో మన ఊరు–మన బడి మొదలైంది. 26,065 బడులు, 7,289 కోట్ల రూపాయలు, మూడు విడతలు. మొదటి విడతలో 9,123 బడులు, 3,497 కోట్లు. నీళ్లు, కరెంటు, బల్లలు, ప్రహరీ, వంటగది, కొత్త గదులు ఇలా పన్నెండు రకాల పనులు. లెక్క చూస్తే ఉమ్మడి రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ బడి గదుల మీద ఇంత పెద్ద మొత్తం ఒక్కసారి ఎన్నడూ ప్రకటించలేదనే అనుకుంటాను. పనిని బడి యాజమాన్య కమిటీకి అప్పగించడం కూడా మంచి ఆలోచనే. తేడా వచ్చింది బిల్లుల దగ్గర. ఇంజనీరు (ఏఈ) కొలతలు వేసి కొలతల పుస్తకం (ఎంబీ)లో రాశాక డబ్బు ఎన్ని రోజుల్లో రావాలో ఎక్కడా లేదు. చేతి డబ్బు పెట్టి, అప్పు తెచ్చి స్లాబు పోసినవాళ్లు కార్యాలయాల చుట్టూ తిరిగారు. సగం లేచిన గోడలు సగంలోనే నిలిచాయి.

2023 చివర ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు పెద్ద, ప్రధానోపాధ్యాయుడు కన్వీనర్. తల్లుల చేతికి బడి బాగుచేత ఇవ్వడాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అదే ఏడాది అక్టోబరులో యంగ్ ఇండియా సమీకృత గురుకులాలకు శంకుస్థాపనలు జరిగాయి. ఒక్కోదానికి ఇరవై, ఇరవై ఐదు ఎకరాలు. పెద్ద ఆలోచనే, కానీ ఊరి నడిబొడ్డున మూడు తరగతులకు ఒకే గది ఉన్న బడి ఆ శంకుస్థాపనకు దూరంగానే ఉండిపోతుంది. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లోనూ అంతే. 2019 నవంబరు 14న ఒంగోలులో మొదలైన నాడు–నేడు మొదటి విడతలోనే 15,715 బడులను ముట్టుకుంది. ఫ్యాన్లు, టైల్సు, మరుగుదొడ్లు కంటికి కనిపించే మార్పే తెచ్చాయి. 2024లో అక్కడా ప్రభుత్వం మారింది, పథకం పేరు మారింది. లైసెన్సు చట్టం పేరు ఏ ఎన్నిక తరువాతా మారలేదు కదా!

బయట ఏం చేశారో చూడాలంటే మళ్లీ కాలిఫోర్నియాకే వెళ్లాలి. 1933 మార్చి 10న లాంగ్‌బీచ్ భూకంపంలో బడి భవనాలు వరసగా కూలాయి. సాయంత్రం కావడంతో పిల్లలు లోపల లేరు. నెల తిరగకముందే, ఏప్రిల్ 10న, ఫీల్డ్ చట్టం వచ్చింది. సర్కారు బడి నక్షాను రాష్ట్ర విభాగం ఆమోదించాలి, కట్టేటప్పుడు తనిఖీ అధికారి అక్కడే ఉండాలి, చివర కాగితం మీద సంతకాలు పడాలి. తొంభై ఏళ్లుగా ఆ చట్టం నిలిచే ఉంది. 2024 నవంబరులో అక్కడి ఓటర్లు బడుల నిర్మాణానికి వెయ్యి కోట్ల డాలర్ల బాండ్లకు ఓటు వేశారు. దగ్గర్లో కేరళ 1999 నాటి మౌలిక వసతుల నిధి చట్టాన్ని 2016లో బలపరిచి, ఆ నిధితో బడులు కట్టింది. మన దేశంలో సుప్రీంకోర్టు 2009లోనే, తమిళనాడులోని కుంభకోణం పట్టణంలో జరిగిన బడి అగ్నిప్రమాదం నేపథ్యంలో, క్షేమమైన బడి భవనం విద్యాహక్కులో భాగమని తేల్చింది. 2025 జులై 25న రాజస్థాన్ ఝాలావాడ్ జిల్లాలో బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు చనిపోయారు. లాంగ్‌బీచ్‌లో పిల్లలు లోపల లేరు, ఇక్కడ ఉన్నారు.

మా మర్రిగూడ మండలంలోనే ఒక చట్టం బడి గురించి గట్టిగా మాట్లాడిన చోటు ఉంది. డిండి ఎత్తిపోతలలో భాగంగా శివన్నగూడెం జలాశయానికి 2015 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ముంపు ఊళ్లకు 2013 భూసేకరణ చట్టం వర్తిస్తే, మూడో షెడ్యూలు ప్రకారం పునరావాస ఊళ్లో విద్యాహక్కు చట్టం ప్రమాణాలతో బడి ఉండి తీరాలి. కానీ 2015లో 123 జీవో పేరుతో భూములు నేరుగా కొనడం మొదలైంది. 2016లో హైకోర్టు ఆ జీవోను కొట్టేసింది. 2017లో శాసనసభ సొంత సవరణ చట్టం చేసింది. ఒక జలాశయం కోసం భూమి తీసుకునే పద్ధతి మీద మన శాసనసభ ఒక చట్టం చేయగలిగింది. ఊరూరా ఉన్న బడి గది మీద అలాంటి చట్టం ఒక్కటీ చేయలేదు.

అలాంటి చట్టం చిన్నదే అయినా చాలు. ఏఈ కొలతలు రాసిన ముప్పై రోజుల్లో బిల్లు చెల్లించాలి, ఆలస్యమైతే వడ్డీ. వానాకాలం ముందు ప్రతి స్లాబునూ ఇంజనీరు చూసి సంతకం పెట్టాలి. పథకం పేరు మారినా సగంలో ఉన్న పని మారకూడదు. నీళ్ల పరీక్ష ప్రతి నెలా జరగాలి. ఇవన్నీ బడి గేటు పక్కన గోడ మీద సున్నం వేసి నల్ల రంగుతో రాయాలి. ఏ గదికి ఎంత మంజూరైంది, ఎప్పటికి పూర్తి కావాలి, ఎవరు సంతకం పెట్టారు అని. అన్నిటికంటే కింద, పిల్లలు నిలబడి చదువుకునే ఎత్తులో, ఈ నెల బడి నల్లాలో ఫ్లోరైడ్ లీటరుకు ఎంతో ఆ అంకె.